నాలుగు పక్కల కరెంటూ, తిరుగుడు కరెంటూ

సిడ్నీ
ఫిబ్రవరి 4

అత్తయ్యకి లుపె వందనాలు.

ఇది ఫోనులో చెప్పేది కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఫోను చేస్తే నాన్న ఎత్తుతాడు, ఎత్తగానే స్పీకరు పెడతాడు. ఇంట్లో ఉన్న అన్నదమ్ములందరూ చాప మీద చేరి ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. కడుపులో కొంచెం బాగోలేదంటాను. వాళ్ళు ప్రార్థన చేస్తారు, పెట్టేస్తారు. జబ్బు ఎక్కడొచ్చిందో అన్నదమ్ముల ముందు నోరు తెరిచి చెప్పే ఆడది మన వవావు దీవిలో ఇంకా పుట్టలేదు కదా.

మీకైతే చెప్పొచ్చు. పదేళ్ళ కింద మీకొచ్చిందే నాకూ వచ్చింది. గర్భసంచి మూతి దగ్గర క్యాన్సరు. కంగారు పడకండి, పాకలేదట. మొన్న సోమవారం కరెంటు, అదే రేడియేషను, మొదలుపెట్టారు. ఆసుపత్రి పక్కనే హాస్టల్లో గది ఇచ్చారు, వృద్ధాశ్రమంలో నా పనికి సెలవు పెట్టాను.

ఇక్కడి డాక్టరమ్మ పేరు హెన్షా. ఆవిడ రెండు పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తోంది. సగంమంది ఆడవాళ్ళకి పాతది: ముందు, వెనక, కుడి, ఎడమ, నాలుగు పక్కలనుంచి కరెంటు. మిగతా సగానికి కొత్తది: మెషిన్ మన చుట్టూ తిరుగుతూ, పేగులని తప్పించి, జబ్బు ఉన్నచోటే పెడుతుంది. ఎవరికేది అన్నది కంప్యూటరు చీటీ తీస్తుంది. నాకు కొత్తది వచ్చింది. మీకు నాలుగు పక్కలది పెట్టారని, అందుకే మీ పేగులు కాలాయని చెప్పేవారు కదా, అందుకని ముందు మీకే చెబుతున్నాను. గొప్పలు కాదు. కొంచెం గొప్పలే.

ఐదు వారాలు బయటి కరెంటు. తర్వాత మూడుసార్లు లోపలి కరెంటు. బయటిది జబ్బుని చిన్నది చేస్తుందట, లోపలిది దాన్ని ముగిస్తుందట. అంతా ఎనిమిది వారాల్లో అయిపోవాలి, ఆలస్యమైన ప్రతి రోజూ నష్టమే అని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. మార్చి ఇరవై తొమ్మిది ఆఖరు.

ఒక్కటే కష్టం. రోజూ మెషిన్ ఎక్కేముందు నీళ్ళు తాగి ఆపుకోవాలి. ఉచ్చబుడ్డ నిండి ఉంటే పేగులు పైకి జరుగుతాయట. నిన్న సరిగ్గా నేను నిండి కూర్చున్నప్పుడు పాస్టరు పెనిసిమాని గారు పరామర్శకి వచ్చారు. మన పాస్టరు ప్రార్థన ఎంతసేపు చేస్తారో మీకు తెలుసు. ఇశ్రాయేలీయులు సముద్రం దాటే దగ్గరికి వచ్చేసరికి నేను కళ్ళు తెరిచేశాను.

మీ మేనకోడలు
లుపె


నెయాఫు, వవావు
ఫిబ్రవరి 14

ఏమే లుపె,

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను, తర్వాత నవ్వాను, తర్వాత బాత్రూముకి పరిగెత్తాను. మూడోది నీవల్ల కాదులే, అది రోజూ ఉన్నదే. పదేళ్ళుగా గుళ్ళో కీర్తన మూడో చరణం నేను వినలేదు. రెండో చరణానికే లేచిపోతాను. తలుపు పక్క బల్ల నాకోసం వదిలేస్తారు, ఇలాంటి గౌరవం ఊళ్ళో ఇంకెవరికీ లేదు.

నీకు తిరుగుడు కరెంటు వచ్చిందని సంబరపడుతున్నావు. సంబరపడు. నేను ఆక్లండులో చేయించుకున్న రోజుల్లో మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ఒంటి మీద సిరాతో గీతలు గీసి, చేపని కాల్చినట్టు నాలుగు పక్కలా తిప్పి తిప్పి కాల్చేవారు. తిప్పింది నన్ను కాదు, మెషిన్నేలే. ఏదైతేనేం, నా పేగులు మాత్రం ఉడికాయి. అయినా బతికానా లేదా? ఈ సంవత్సరం కూడా పెద్ద చాప నేనే అల్లాను.

లోపలి కరెంటు సంగతి ముందే చెబుతున్నాను విను. నేను మూడు రోజులు కదలకుండా పడుకున్నాను. మందపాటి గోడల గది. లోపల గొట్టం పెట్టి పోతారు, పక్కకి ఒత్తిగిల్లకూడదు, మనుషులు రాకూడదు. మూడు పగళ్ళూ మూడు రాత్రులూ. ఈ సంగతి స్త్రీల సమాజంలో ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పానో నీకే తెలుసు, ముందు వరసలో కూర్చుని కునుకు తీసేదానివి. నువ్వు నా మేనకోడలివి. నేను పడుకోగలిగితే నువ్వూ పడుకోగలవు.

ఇంకో మంచి మాట. నీకు పెడుతున్న ఆసుపత్రిలోనే కదే మా అబ్బాయి ఫిలిమోనె పనిచేసేది. మెషిన్లు బాగుచేస్తాడు. మేనత్త కొడుకైనా మన దగ్గర అన్నే కదా, అందుకే వాడికి రాశాను, నీ చెల్లెలు వచ్చింది, కాస్త కనిపెట్టుకుని ఉండు అని. ఏం జబ్బో రాయలేదులే, నాకా మాత్రం తెలుసు.

మీ నాన్నకి ఇంకా కడుపులో నొప్పి అనే తెలుసు. అల్లం కషాయం పంపిస్తానంటున్నాడు. వద్దనలేదు.

నీ అత్త
లెసియెలి


సిడ్నీ
ఫిబ్రవరి 25

అత్తయ్యకి వందనాలు.

పద్దెనిమిది కరెంట్లు అయ్యాయి. నీరసం ఉంది, వారానికోసారి సెలైన్లో మందెక్కిస్తే వాంతులు ఉన్నాయి, పేగులు మాత్రం దివ్యంగా ఉన్నాయి. మీరు కోప్పడనంటే ఒక మాట. నిన్న టీవీ గదిలో కీర్తనల పోటీ వస్తుంటే ఆఖరి చరణం దాకా కూర్చున్నాను.

పక్క గదిలో ఒకావిడకి చీటీలో నాలుగు పక్కలది వచ్చింది. ఆవిడ పొద్దున్నించి నాలుగుసార్లు వెళ్ళొచ్చింది. మేమిద్దరం రోజూ టిఫిను దగ్గర లెక్క చెప్పుకుంటాం. ఆవిడకి నా మీద కొంచెం మంటగా ఉంది. జబ్బు తగ్గడంలో రెంటికీ పెద్ద తేడా ఉండదనే అనుకుంటోందట డాక్టరమ్మ, తేడా అంతా పేగుల దగ్గరేనట. రెంటిలో ఏది పెట్టినా లోపలిది తప్పదని కూడా అంది. డాక్టరమ్మ అలాగే అంటుంది.

ఇక్కడ తిండికి లోటు లేదు. ప్రతి శనివారం వంటగది గుమ్మంలో నా పేరుతో ఒక సంచీ ఉంటుంది. నిండా పెండలం దుంపలు, అదీ కహోకహో రకం, పెళ్ళిళ్ళలో పెద్దలకి పెట్టేది. సిడ్నీలో అది ఎక్కడ దొరుకుతుందో నాకైతే తెలీదు. పాస్టరు గారికి చేతులు జోడించి థాంక్స్ చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, ఇచ్చే చేతిని చూడకమ్మా, ఇప్పించిన దేవుణ్ణి చూడు అన్నారు. చాలా వినయం గల మనిషి.

లోపలి కరెంటు జరిగే గది నిన్న చూపించారు. మీ రోజుల్లోలా మూడు రోజులు పడుకోనక్కర్లేదు. మత్తు ఇచ్చి, పరికరం పెట్టి, స్కాన్ తీసి, మెషిన్‌కి తగిలిస్తే పది నిమిషాలేనట. గది బయట తెల్లబోర్డు ఒకటి ఉంది, ఎవరెవరు పనిచేస్తారో రాసి ఉంటుంది.

ఫిలిమోనె అన్న నాకు కనబడలేదు. ఆసుపత్రి పెద్దది. ఆయన ఏయే రోజుల్లో డ్యూటీ చేస్తాడో మీకేమైనా చెప్పాడా? ఊరికే అడుగుతున్నాను.

లుపె


నెయాఫు, వవావు
మార్చి 4

ఏమే,

పది నిమిషాలా? మూడు రోజులు పడుకున్న నా ముందు పది నిమిషాలు అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే. సరే, పది నిమిషాలంటున్నావు కాబట్టి ఇక నీకు భయం దేనికి? మొదటిది ఏ రోజు? ఉత్తరం నిండా పక్క గది ఆవిడ పేగులు రాశావు గానీ తారీఖు రాయలేదు.

పెనిసిమాని సంగతి నాకు చిన్నప్పట్నించీ తెలుసు. వాడు పెండలం పుచ్చుకున్నది చూశాను గానీ ఇచ్చింది ఎప్పుడూ చూడలేదు. సిడ్నీ వెళ్ళి మారాడేమో, దేవుడి దయ.

ఫిలిమోనె డ్యూటీ నాకేం తెలుసు. వాడు నాకు ఫోను చేస్తే వాతావరణం చెబుతాడు.

తారీఖు రాయి. నీ మేనత్తని అడుగుతున్నాను.

లెసియెలి


సిడ్నీ
మార్చి 10

పూజ్యులైన అత్తయ్య గారికి,

మీ ఉత్తరం చేరింది. మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. ఇరవై అయిదు బయటి కరెంట్లూ శుక్రవారంతో అయిపోయాయి.

లోపలిది వద్దని చెప్పాను.

మీరు కోప్పడే ముందు నా మాట వినండి. మీ కాలంలో బయటి మెషిన్ మొరటుది, అందుకని లోపలినించి పెట్టాల్సి వచ్చింది. ఇప్పటి మెషిన్ వెంట్రుకవాసి తేడా లేకుండా పెడుతుంది. అంత పనితనం ఉన్నప్పుడు లోపలికి వెళ్ళడం ఎందుకు? నేను అలా అడిగితే డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. బయటినించి ఎంత బాగా పెట్టినా లోపల పెట్టినంత బలంగా పెట్టలేమని, మధ్యలో పేగులు ఉన్నాయని, జబ్బు మళ్ళీ వచ్చే అవకాశం పెరుగుతుందని చెప్పింది. నేను తల ఊపాను. చివరికి, నువ్వు ససేమిరా అంటే మరో గతిలేక బయటివే ఇంకో పది పెట్టాల్సి ఉంటుంది, అది నాకిష్టం లేదు అంది. నాకిష్టమే అన్నాను. వచ్చే సోమవారం కాక పై సోమవారం, ఇరవై రెండున మొదలుపెడతారు. అప్పటిదాకా ఆలోచించుకోమంది. ఆలోచించుకోవడానికేం లేదు.

కారణం అంటారా, నాకు మత్తు పడదు. నడుము నొప్పి కూడా ఉంది. అంతే, ఇంకేం లేదు.

ఫిలిమోనె అన్నకి మీరు దయచేసి ఏమీ రాయొద్దు.

ఇట్లు
టోకిలుపె


నెయాఫు, వవావు
మార్చి 15

లుపె,

ఈ ఉత్తరం మీ పాస్టరు పెళ్ళాం చేతికిచ్చి పంపుతున్నాను, చుట్టాల్ని చూడ్డానికి ఊరికొచ్చింది, రేపటి విమానంలో తిరిగి వస్తోంది. నువ్వు చదివేదాకా కదలొద్దని చెప్పాను. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంటే కాఫీ ఇయ్యి.

నువ్వు పుట్టాక నన్ను గారు అనడం, కింద పూర్తి పేరు పెట్టడం ఇదే మొదటిసారి. మత్తు పడదా? పన్ను పీకించుకున్నప్పుడు మత్తులో డెంటిస్టుని పెళ్ళి చేసుకుంటానన్నదానివి. నాకు చెప్తావే అబద్ధాలు. ఫిలిమోనె డ్యూటీ ఎప్పుడు అని ఒకసారి, ఫిలిమోనెకి రాయొద్దు అని ఒకసారి, మధ్యలో తెల్లబోర్డు. నాకు పేగులు పాడయ్యాయి గానీ బుర్ర పాడవలేదు.

మిషన్ ఆసుపత్రి నర్సు ఫోను అడిగి తీసుకుని, కొబ్బరితోటలోకి పోయి వాడికి చేశాను. నువ్వక్కడ ఏం పని చేస్తావురా అంటే చాలాసేపు వాతావరణం చెప్పాడు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు, లోపలి కరెంటు గదిలో అద్దం వెనక కూర్చుని మెషిన్ నడిపేది తనేనని. తల్లితో ఆ మాట ఎలా చెప్పాలో తెలీక రిపేరు అన్నాడట. పదేళ్ళుగా ఊరంతా నా కొడుకు రిపేరు చేస్తాడని చెప్పుకుంటున్నాను నేను.

బోర్డు మీద వాడి పేరు చూశావు. అన్న కూర్చునే గదిలో కాళ్ళు చాపుకుని పడుకోవడం కంటే చావడం నయమనుకున్నావు. నేను తిట్టను. మన దగ్గర ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. పెద్దమ్మ కొడుకైనా, మేనత్త కొడుకైనా మనకి అన్న అన్నే. అన్న ఉన్న గదిలో మనం పక్క కూడా పరుచుకోం.

ఇప్పుడు నేను చెప్పేది చదివి కాల్చేయి. కాల్చకపోయినా సరే.

నేను మూడు రోజులు పడుకోలేదు. ఒక్కరోజు. రెండో రోజు పొద్దున్న టిఫిను పళ్ళెం తెచ్చిన మగమనిషి తలుపు అద్దంలోంచి చూశాడు. మా పిన్ని కొడుకు సాములా. వాడు ఆక్లండులో పని చేస్తున్నాడని తెలుసు, అక్కడని తెలీదు. నన్ను చూశాడు, నా మీద కప్పిన దుప్పటి చూశాడు, పళ్ళెం అక్కడే వదిలేసి పారిపోయాడు. గిన్నెలు పడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. నేను గంట కొట్టి కొట్టి, ఏడ్చి గోల చేసి, గొట్టం తీసేదాకా ఊరుకోలేదు. మళ్ళీ పెట్టనివ్వలేదు. డాక్టరు బతిమాలాడు. ఎందుకమ్మా అంటే నడుము నొప్పి అన్నాను. చూశావా, అబద్ధం కూడా నాదే తీసుకున్నావు.

అప్పుడు మరో గతిలేక బయటినించే ఇంకో పది కరెంట్లు పెట్టారు. నా పేగులు కాలింది వాటితో. అప్పటిదాకా నేనూ నీలాగే కీర్తన పూర్తిగా పాడేదాన్ని. నాలుగు పక్కల మెషిన్ తప్పేం లేదే. పదేళ్ళుగా పాపం దాన్ని ఆడిపోసుకున్నాను. సిగ్గు చేసిన పనిని మెషిన్ మీద పెట్టాను. నేను బతికి ఉండటం కూడా అదృష్టమేనని ఆ డాక్టరు ఆ రోజే చెప్పాడు, అందరికీ ఉండదు అన్నాడు. సాక్ష్యంలో ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు.

సాములా ఆ తర్వాత ఊరికి తిరిగొచ్చాడు గానీ నా ఇంటి గడప తొక్కలేదు. వాడు చూసింది ఒక దుప్పటి.

ఇక నీ అన్న సంగతి. నీ పేరు లిస్టులో చూసిన రోజే వాడు పైవాళ్ళని అడిగి ఊరవతల ఉన్న వేరే ఆసుపత్రికి మార్పించుకున్నాడు. ఫిబ్రవరి ఒకటి నుంచి నేనక్కడ లేనమ్మా అన్నాడు. అంతే అన్నాడు. ఎందుకని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. రోజూ వెళ్ళడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. బోర్డు మీద పేరు చెరపడం అక్కడివాళ్ళు మర్చిపోయినట్టున్నారు. ఒక తడిగుడ్డ పని. దానికోసం నువ్వు ప్రాణం మీదికి తెచ్చుకున్నావు.

నేను నీ తండ్రికి అక్కని. మన ఆచారంలో నీ పెళ్ళిలో మొదటి చాప, నీ చావులో మొదటి ఏడుపు నావి. నువ్వు పెళ్ళి చేసుకోలేదు, ఊరుకున్నాను. రెండోదాని విషయంలో ఊరుకోను. సోమవారం దాకా ఆగకు. ఇవాళే వెళ్ళి డాక్టరమ్మకి సరే అని చెప్పు. పాస్టరు పెళ్ళాం నీతో వస్తుంది, తలుపు బయట కూర్చుంటుంది, మన మగవాళ్ళెవరూ ఆ వసారాలో అడుగుపెట్టకుండా చూస్తుంది. ఆవిణ్ణి దాటి పాస్టరే వెళ్ళలేడు.

భయంగా ఉందే లుపె. నువ్వు నాలా అవుతావని కాదు. నాకు కలిసొచ్చినట్టు నీకు కలిసిరాదేమోనని.

అత్త


సిడ్నీ
మార్చి 28

అత్తా,

అయిపోయింది. గురువారం ఒకటి, సోమవారం ఒకటి, మొన్న శుక్రవారం మూడోది. ఆఖరు తారీఖుకి మూడు రోజులు మిగిలి ఉండగానే ముగించేశారు.

ఆవిడ మూడుసార్లూ వసారాలో కుర్చీ వేసుకుని, గుడికి కట్టుకునే చాప నడుముకి కట్టుకుని కూర్చుంది. మూడోసారి ఒక డాక్టరుని కూడా ఆపిందట, పేరేంటి, మీది ఏ ఊరు అని. ఆయన స్కాట్లండు వాడని తేలాక వదిలింది.

భయపడ్డంత లేదు. బాధ లేదని అబద్ధం చెప్పను, మనిద్దరి అబద్ధాలూ చాలు. మత్తులో నేను ఎవరినీ పెళ్ళాడతాననలేదు. అద్దం వెనక ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. ఆ బోర్డు సంగతి అడిగితే ఒక పిల్ల, అయ్యో ఇంకా ఉందా అని చేత్తోనే తుడిచేసింది. నేను దాని వైపే చూస్తూ నిలబడ్డాను, ఎందుకో ఏడుపొచ్చింది.

మీ ఉత్తరం కాల్చలేదు. మీరు చెబితే కాలుస్తాను. మీరు ఒక్కరోజే పడుకున్నారని తెలిసినప్పుడు మీ మీద కోపం రాలేదు. ఇన్నాళ్ళూ తలుపు పక్క బల్ల మీద ఒక్కరే ఎలా కూర్చున్నారా అనిపించింది. మీరు సాములా బాబాయికి ఒక ఉత్తరం రాయకూడదా? దుప్పటి సంగతి రాయక్కర్లేదు.

ఇంకోటి. పాస్టరు పెళ్ళాన్ని పెండలం గురించి అడిగాను. ఏం పెండలం అంది. మా ఇంట్లో చూసి రెండేళ్ళయింది అంది. అప్పుడు హాస్టల్ వంటావిణ్ణి అడిగాను. ఆవిడ చెప్పింది, శనివారం శనివారం పొడుగాటి మనిషి ఒకడు ఆసుపత్రి నీలం బట్టల్లో వస్తాడట. గేటు దగ్గరే ఆగి, ఆ అమ్మాయి గదిలోంచి బయటికి వచ్చిందా అని అడుగుతాడట. రాలేదంటేనే లోపలికొచ్చి సంచీ గుమ్మంలో పెట్టి వెళతాడట. వచ్చిందంటే కారులోనే కూర్చుంటాడట, ఒకసారి గంటసేపు.

నేను అన్నకి థాంక్స్ చెప్పలేను. దేనికని చెప్పను? చెబితే ఇద్దరికీ తెలిసిపోయినట్టవుతుంది. మీరు కూడా ఏమీ చెప్పొద్దు. ఆఖరి సంచీలోవి చాలా బాగా ఉడికాయి, అన్నీ నేనే తిన్నాను, అని మాత్రం ఒక మాట అనండి.

మీ లుపె


నెయాఫు, వవావు
ఏప్రిల్ 8

లుపె,

మూడు నెలలకి స్కాన్ తీస్తారు కదా, ఆ తారీఖు రాయి. ఈసారి అడిగించుకోకు.

డాక్టరమ్మకి నా లెక్క కూడా చెప్పు. పాత పద్ధతి, నాలుగు పక్కలు, ఇరవై అయిదు. దానిమీద సిగ్గుకోసం ఇంకో పది. ఆవిడ పుస్తకంలో ఈ రెండో వరసకి గడి ఉందో లేదో.

సాములాకి రాశాను. నీ అక్కకి మోకాళ్ళు బాగోలేవు, గుడి దాకా కారులో దింపేవాడు లేడు అని. ఆదివారం వచ్చాడు. నా ముఖం చూడలేదు, నేనూ చూడలేదు, దింపి పోయాడు.

ఫిలిమోనెకి నర్సు ఫోనులో చేశాను. సిడ్నీలో చలి మొదలైందని చెప్పాడు, వానల గురించి చెప్పాడు. అంతా విన్నాక, చెల్లికి ఒంట్లో నెమ్మదిగా ఉందిరా, ఆఖరి సంచీ పెండలం ఉడకబెట్టుకుని అంతా తనే తినేసిందట అన్నాను.

బాగా ఉడికాయా అని అడిగేసి, అక్కడే ఆగాడు.

తర్వాత, ఏ సంచీ అన్నాడు.

నీ అత్త